దర్రా: ఖాళీ తూటాకూ వెల

పెషావర్ నుంచి కోహాట్ దారిలో సుమారు 40 కిలోమీటర్లు వెళితే వస్తుంది దర్రా ఆదంఖేల్. అఫ్రీదీల ఊరు. బ్రిటిష్ కాలం నుంచీ తుపాకులే ఇక్కడి బతుకుతెరువు. కాల్చేసిన తూటాను తిరిగి నింపడమూ ఈ బజారు పనుల్లో ఒకటి.

పని చిన్నదే, పొరపాటు ఖరీదే పెద్దది. తూటా పేలగానే ఇత్తడి తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుంటుంది. మండే వాయువు వెనక్కి తన్నకుండా ఆపేది ఆ ఉబ్బే. తర్వాత కాస్త ముడుచుకున్నా పాత కొలతకు రాదు. అందుకే దాన్ని ఉక్కు అచ్చులోకి నొక్కి సన్నం చేయాలి. మెడ బిగిస్తేనే కొత్త గుండు నిలుస్తుంది. ఆపైన ప్రైమర్, మందు.

ఉబ్బిన, నొక్కిన ప్రతిసారీ ఇత్తడి పెళుసెక్కుతుంది. మెడ చీలితే పోయేది ఒక తొడుగు. అడుగున తెగితే ఆ వాయువు కాల్చేవాడి ముఖం మీదికే. ఎన్నిసార్లు కాలిందో తెలియని తొడుగుతో పొదుపు చేయడమంటే ప్రాణంతో పందెమే.

2018లో ఈ ప్రాంతం ఖైబర్ పఖ్తున్‌ఖ్వాలో విలీనమైంది. మిగతా దేశపు చట్టాలు దర్రాకూ వచ్చాయి. అదే ఏడాది బజారులో గ్రంథాలయం తెరుచుకుంది. మొదలైంది మాత్రం ఒక తుపాకుల దుకాణం పైగదిలో.