బరువెక్కాకే పికప్ తీరు తెలిసేది

అమెరికాలో పికప్ ట్రక్కు కొనబోయేవాళ్లు చాలామంది షోరూం ముందున్న ఖాళీ బండి ఎక్కి, చుట్టుపక్కల నాలుగు వీధులు తిప్పి చూస్తారు. ఇది మెత్తగా ఉంది, అది ఎగరేస్తోంది, దీని స్టీరింగ్ తేలిక, దానిది వదులు అని అక్కడికక్కడే తేల్చేస్తారు. కారుకైతే ఈ పద్ధతి సరిపోతుంది. ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350, షెవర్లే సిల్వరాడో 2500, 3500, రామ్ 2500, 3500 లాంటి హెవీ డ్యూటీ పికప్‌లకు సరిపోదు. బండి, సరుకు, మనుషులు కలిపి 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,850 కిలోలు దాటి మోసేలా కట్టిన బండ్లివి. ఈ బరువు దాటిన పికప్‌లకు కిటికీ అద్దం మీద మైలేజీ కాగితం అంటించాలన్న నిబంధన కూడా ఇక్కడ లేదు. చట్టమే వీటిని మామూలు కార్ల లెక్కలోంచి తీసి పక్కన పెట్టినప్పుడు మనం మాత్రం కారు కొలతతో ఎందుకు కొలవాలి? నా వాదన ఇది: హెవీ డ్యూటీ పికప్‌ను ఖాళీగా నడిపి పోలిస్తే సగం కూడా తెలియదు. లోడు ఎక్కించి పోల్చినప్పుడు మాత్రం సుఖానికి అసలు గుర్తు సీటు కింద కుదుపు కాదు, చేతిలోని స్టీరింగ్.

ముందు కుదుపు సంగతి. ఖాళీ లారీ ఎగురుతుందని, లోడెక్కితే కుదురుగా పోతుందని మన హైవేల మీద తిరిగే ఏ డ్రైవరును అడిగినా చెప్తాడు. ఆ మాట వెనక గట్టి లెక్కే ఉంది. స్ప్రింగు తన మీది బరువుకు ఎంత కుంగిందన్న దాన్ని బట్టి ఆ బరువు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తేలుతుంది. 25 సెంటీమీటర్లు కుంగిన స్ప్రింగు మీద బరువు సెకనుకు ఒకసారి ఊగుతుంది, 6 సెంటీమీటర్లే కుంగితే రెండుసార్లు. సుఖంగా అనిపించే కార్లను సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల దగ్గర నిలుపుతారు. వేల పౌండ్లు మోయడానికి పెట్టిన కమాన్ కట్టలు ఖాళీ తొట్టి బరువుకు అంత కుంగవు. పైగా కమాను పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జరగాలి. చిన్న గతుకు ఇచ్చే తోపు ఆ రాపిడిని దాటలేకపోతే పట్టీలు అసలు కదలవు, దెబ్బ నేరుగా చాసిస్‌కు చేరుతుంది. ఖాళీ పికప్ పెద్ద గుంతను బాగానే దాటి, చిన్న అతుకుల దగ్గర చిరాకు పెట్టడానికి కారణం ఇదే.

ఆ చిరాకు మన ఊహ కాదు. నిలువు కంపనాల్లో సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య ఉన్నవి మనిషి శరీరాన్ని అన్నిటికంటే ఎక్కువ బాధిస్తాయని కంపనాలను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2631 చెప్తోంది. ఇప్పుడు అమెరికా కాంక్రీటు హైవేలను తీసుకోండి. అతుకులు పెట్టి వేసిన రోడ్ల మీద పలకకూ పలకకూ మధ్య దూరం చాలాచోట్ల 15 అడుగులు. గంటకు 65 మైళ్ల వేగమంటే సెకనుకు 95 అడుగులు. అంటే సెకనుకు ఆరు అతుకులకు పైనే, సరిగ్గా శరీరం ఓర్చుకోలేని చోటే. షాక్ అబ్జార్బర్ల ప్రభావం పక్కన పెట్టి సాదా లెక్క వేస్తే, సెకనుకు రెండుసార్లు ఊగే స్ప్రింగు ఈ దెబ్బల్ని ఒకసారి ఊగే స్ప్రింగు కంటే నాలుగు రెట్లకు పైగా పైకి పంపిస్తుంది. రామ్ 2500కు 2014 మోడల్ నుంచి వెనక కమాన్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టడంలోని అర్థం ఇక్కడ తెలుస్తుంది. కాయిల్లో పట్టీల రాపిడి లేదు గనక చిన్న అతుకులకూ అది స్పందిస్తుంది. ఖాళీగా నడిపేటప్పుడు ఆ తేడా నిజమైన తేడా, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే అదే కంపెనీ, ఇంకా ఎక్కువ బరువు మోసే 3500కు కమాన్లనే ఉంచిందన్నది కూడా చూడాలి.

లోడు ఎక్కాక ఈ పోలికే తలకిందులవుతుంది. ఖాళీ బండి వెనక స్ప్రింగులు మోసే బరువు 2,400 పౌండ్లు అనుకుందాం. తొట్టిలోనే తగిలించే 15,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రెయిలరు తన బరువులో అయిదో వంతు, అంటే 3,000 పౌండ్లు తొట్టి మీద దించుతుంది. స్ప్రింగుల మీద బరువు రెండుంపావు రెట్లయింది. ఊగే వేగం దాని వర్గమూలం మేరకు, అంటే ఒకటిన్నర రెట్లు తగ్గుతుంది. సెకనుకు రెండుసార్లు ఊగే బండి 1.3 సార్ల దగ్గరకు వస్తుంది. బరువుకు అదనపు కమాను పట్టీలు తగిలి బిగువు కొంత పెరిగినా, బండి మెత్తబడే దిశలోనే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు మనం తిట్టుకున్న బిగువే ఇప్పుడు సుఖమైన కారు కొలతలోకి వచ్చేసింది. ఖాళీగా మెత్తగా ఉండాలని స్ప్రింగును పలచన చేసి ఉంటే, ఈ బరువుకు అది అడుగంటి, రబ్బరు స్టాపులకు కొట్టుకునేది.

కుదుపు ఇలా తనంతట తాను సర్దుకుంటుంటే, స్టీరింగ్ సరిగ్గా అప్పుడే పరీక్షకు నిలబడుతుంది. బండి వెనక కొక్కేనికి, అంటే హిచ్‌కు తగిలించే మామూలు క్యాంపింగ్ ట్రెయిలరును తీసుకోండి. 8,000 పౌండ్ల ట్రెయిలరు హిచ్ మీద 1,000 పౌండ్లు మోపుతుంది. ఆ హిచ్ వెనక ఇరుసుకు సుమారు 5 అడుగులు అవతల ఉంటుంది, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 13 అడుగులు. ఎద్దుబండి వెనకభాగంలో బరువెక్కువైతే కాడి పైకి లేచినట్టు, పికప్ ముక్కు పైకి లేస్తుంది. లెక్క ప్రకారం ముందు చక్రాల మీంచి 385 పౌండ్ల దాకా బరువు లేచిపోతుంది. తిప్పాల్సిన చక్రాలకే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. చేతికి స్టీరింగ్ తేలికవుతుంది, షోరూంలో మెచ్చుకున్న ఆ తేలికదనం ఇప్పుడు గుబులు పుట్టిస్తుంది. పక్కన పెద్ద ట్రక్కు దాటినప్పుడు ట్రెయిలరును ముందు నెట్టి తర్వాత లాక్కునే గాలికి, వంతెన మీది అడ్డగాలికి, రోడ్డు వాలుకు డ్రైవరు చిన్న చిన్న దిద్దుబాట్లు చేస్తూనే ఉండాలి. ఒక్కో దిద్దుబాటు చాలా చిన్నది. ఎనిమిది గంటల ప్రయాణంలో భుజాలు పట్టేసేది, కళ్లు అలిసేది వాటి వల్లే. ట్రెయిలరు కట్టుకుని పిల్లలతో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరే మన కుటుంబాలకు సుఖమంటే ఇది: స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే బండి తిన్నగా పోవడం.

ఈ విషయంలో పికప్‌ల మధ్య తేడా ఎక్కడిదో చూద్దాం. ఈ బండ్లలో స్టీరింగ్ గేరు రీసర్క్యులేటింగ్ బాల్ రకం. మరచుట్టు ఉన్న కడ్డీ మీద ఉక్కు గోళీల సాయంతో ఒక దిమ్మ జరుగుతూ పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, అక్కడి నుంచి చేతులూ కడ్డీలూ కీళ్లూ దాటి కదలిక చక్రాలకు చేరుతుంది. బరువైన దెబ్బలను ఇది బాగా తట్టుకుంటుంది, కానీ ఇన్ని కీళ్లలో ప్రతిదీ కొంత వదులిస్తుంది. కార్లలోని ర్యాక్ అండ్ పినియన్‌కు ఇన్ని కీళ్లు లేవు. దీనికి తోడు ఫోర్డ్, రామ్ ఫోర్ బై ఫోర్ బండ్లకు ముందువైపు రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు ఉంటుంది. షెవర్లే తయారుచేసే జనరల్ మోటార్స్ మాత్రం 1988 నుంచి తన హెవీ డ్యూటీ ఫోర్ బై ఫోర్ పికప్‌లకు, మెలిపడి స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లతో ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే సస్పెన్షన్ ఇస్తోంది. గట్టి ఇరుసులో ఒక చక్రం గతుకెక్కితే రెండోది కూడా వాలుతుంది. వేగంగా తిరిగే చక్రం అలా వాలితే గైరోస్కోపు సూత్రం ప్రకారం పక్కకు తిరగబోతుంది, ఆ లాగుడు స్టీరింగ్‌కు చేరుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన దోషం కాదు. రోల్స్ రాయిస్ నుంచి 1930లో జనరల్ మోటార్స్‌కు వచ్చిన ఇంజనీరు మారిస్ ఒలీ, సుఖం కోసం మెత్తటి ముందు స్ప్రింగులు పెట్టబోతే గట్టి ఇరుసు స్టీరింగ్‌ను వణికిస్తుందని పరీక్షించి చూపాడు. ఆ కంపెనీ కార్లు 1934 మోడళ్లలో విడి సస్పెన్షన్‌కు మారడానికి ఆ పనే దారి వేసింది. అంటే సుఖమూ స్టీరింగూ వేర్వేరు విషయాలు కావని ఈ రంగానికి తొంభై ఏళ్ల కిందటే తెలుసు. గతుకుల మలుపులో గట్టి ఇరుసు బండి పక్కకు అడుగేసినట్టు అనిపించడం, కీళ్లు అరిగితే ఇక్కడివాళ్లు డెత్ వాబుల్ అనే భయంకరమైన వణుకు మొదలవడం, ఈ నిర్మాణం నుంచి పుట్టేవే. పోలికలో ఇక్కడ నా ఓటు విడి సస్పెన్షన్‌కే.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. గట్టి ఇరుసు లేకపోతే అది పనిబండే కాదంటారు కొందరు. మంచు తోసే బ్లేడు ముందు తగిలించుకునేవాళ్లకు, రాళ్లగుట్టల్లో తిరిగేవాళ్లకు వాళ్ల మాట నిజమే. కీళ్లు తక్కువ, రిపేరు తేలిక, లోడు మారినా చక్రాల వాలు మారదు. మిన్నెసోటా చలికాలంలో రోజూ మంచు తోసే మనిషికి నేను టార్షన్ బార్ల బండి కొనమని చెప్పను. కానీ ఆ పని చేయనివాళ్లు కూడా అదే మాటను అరువు తెచ్చుకుని చెప్పడం సబబు కాదు. హైవే మీద వేల మైళ్లు ట్రెయిలరు లాగేవాళ్లకు గట్టి ఇరుసు తెచ్చే లాభం కంటే, స్టీరింగ్‌లో అడిగే దిద్దుబాట్లే ఎక్కువ. ఇంకొందరు ఎలక్ట్రానిక్స్ ఈ తేడాలన్నీ చెరిపేశాయంటారు. ఫోర్డ్ 2017 సూపర్ డ్యూటీకి, అంటే ఎఫ్-250, ఎఫ్-350 వరుసకు, స్టీరింగ్ చక్రంలోనే మోటారు పెట్టి, వేగాన్ని బట్టి తిప్పాల్సిన చుట్లు మార్చే ఏర్పాటు ఇచ్చింది. జనరల్ మోటార్స్ హైడ్రాలిక్ సాయానికి తోడు చిన్న ఎలక్ట్రిక్ మోటారు జోడించింది. ఇవి చేతి శ్రమను బాగా తగ్గిస్తాయి. అయితే ముందు చక్రాల మీంచి లేచిపోయిన బరువును ఏ మోటారూ తిరిగి దించలేదు. దాన్ని దించేది బరువును ముందు ఇరుసుకూ పంచే, సరిగ్గా బిగించిన వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక్కటే, దాని ధర బండి ధరలో చాలా చిన్న భాగం.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరు. చాలామంది ఈ బండ్లను ఎక్కువ రోజులు ఖాళీగానే నడుపుతారు, మరి ఖాళీగా ఉన్నప్పటి సుఖం చూసుకోవద్దా అని. చూసుకోవాలి. కానీ అక్కడ తప్పు బండి స్ప్రింగులది కాదు, ఎంపికది. ఏడాదంతా ఖాళీగా తిప్పి, ఎప్పుడో 6,000 పౌండ్ల ట్రెయిలరు లాగే కుటుంబానికి వీటికంటే చిన్నదైన హాఫ్ టన్ పికప్ హాయిగా సరిపోతుంది. దానికి ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, ముందు విడి సస్పెన్షన్ రెండూ ఉంటాయి. నిజంగా హెవీ డ్యూటీ కావాల్సినవాళ్లకు మాత్రం బండి పరీక్షకు నిలిచేది బరువున్న రోజే. ఇంజనీర్లు కూడా అలాగే చూస్తారు. లాగే సామర్థ్యం కొలిచే ఎస్‌ఏఈ జె2807 ప్రమాణంలో, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు ఎక్కే పరీక్షతో పాటు, ట్రెయిలరు ఊగిసలాట ఎంత త్వరగా సద్దుమణుగుతుందో చూసే పరీక్ష కూడా ఉంది. కొనేవాడు కూడా తన ట్రెయిలరుతోనో, అది లేకపోతే అద్దెకు తెచ్చిన ట్రెయిలరుతోనో, గాలి ఉన్న రోజున హైవే మీద నడపనివ్వమని అడగడంలో తప్పులేదు. పక్క లేన్లో పెద్ద ట్రక్కు దాటినప్పుడు స్టీరింగ్ ఎన్నిసార్లు దిద్దాల్సి వచ్చిందో గమనిస్తే, రెండు బండ్ల మధ్య తేడా అరగంటలో తెలిసిపోతుంది.

అలాంటి పోలికకు ముందు టైర్ల గాలి సమానం చేయాలి, జనం మర్చిపోయేది ఇదే. ఈ బండ్ల మీద ఉండే లోడ్ రేంజ్ ఇ టైర్లు 80 పీఎస్‌ఐ దాకా పట్టుకుంటాయి. ఒక బండి టైర్లు 80 దగ్గర, ఇంకోదానివి 60 దగ్గర ఉంటే పోల్చేది సస్పెన్షన్లను కాదు, గాలిని. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఆ బండికి చెప్పిన పీడనం ఉంటుంది, లోడు ఎక్కించకముందూ ఎక్కించాకా అదే ఆధారం. ఖాళీగా మెత్తదనం కోసం గాలి తీసేసి, అలాగే లోడు ఎక్కించి బయల్దేరితే టైరు పక్కగోడలు వంగి వేడెక్కుతాయి, స్టీరింగ్ తిప్పిన వెంటనే పలకాల్సిన బండి ఒక క్షణం ఆగి పలుకుతుంది.