తప్పుకి మైనస్ సరే, బస్సుకి మైనస్ ఏంది?

పోస్టు కొంచెం పెద్దది. చివరిదాకా చదవండి.

మేం ముగ్గురం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఒక్కో ఊరి నుంచి ఒక్కరం. ఇద్దరం సుగాలీలం, ఒకరం ఎరుకల. ఉండేది జమ్మలమడుగులో ఒకే రూములో. సీనియర్లు ఇచ్చిన పాత ఆర్డుయినో బోర్డు, రెండు ఐఆర్ సెన్సార్లతో లైన్ ఫాలోయర్ రోబో చేసినాం. మా రూములో ఉండేది కడప బండలు. నల్ల బండ మీద నల్ల టేపు అంటిస్తే సెన్సారుకు ఏం తెలుస్తాది? తెల్ల చార్టులు పరిచి ప్రాక్టీసు చేసినాం.

పోటీ జిల్లాలోనే ఒకచోట. పొద్దున్నే లేచి పోయినాం గానీ ముద్దనూరులో బస్సు మారాల. రెండో బస్సు లేటు. 40 నిమిషాలు ఆలస్యంగా చేరినాం. ప్రతి 10 నిమిషాలకు 5 పాయింట్లు కోత అన్నారు. అట్ల 20 పోయినాయి. ట్రాక్ మలుపులో రోబో పక్కకు పోతే చేత్తో సరిచేసినాం, ఇంకో 10 పోయినాయి. మూడో ప్రైజు 8 పాయింట్లతో తప్పింది.

చెయ్యి తగిలినందుకు పోయిన 10 మా తప్పే, ఒప్పుకుంటాం. అది రోబో పనితనాన్ని కొలిచే రూలు. ఫస్ట్ లెగో లీగ్‌లో కూడా హోమ్ బయట రోబోను పట్టుకుంటే టోకెన్ పోతాది. కానీ ఇటీవలి సీజన్లలో ఆరు టోకెన్లలో ఒకటి పోయినా పాయింట్లు తగ్గలేదు. ఒక్క పొరపాటుకు చోటు పెట్టినారు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో ఫౌల్ చేస్తే ఆ పాయింట్లు ఎదుటి జట్టుకు కలుస్తాయి. నష్టపోయినోళ్ళకు పరిహారం అన్నమాట.

మరి మా ఆలస్యంతో నష్టపోయింది ఎవరు? మేం చేరేసరికి మా వంతే రాలేదు. ఆ 20 పాయింట్లు రోబోను కొలవలా, మా ఊరికి బస్సులెన్ని ఉన్నాయో కొలిచినాయి.

రూమ్‌కొచ్చినాక మాలోనే వాదన. "టైం రూలు లేకపోతే పొద్దున్నే వచ్చినోళ్ళు సాయంత్రం దాకా కూర్చోవాల్నా?" అని ఒకరం అడిగినాం. అదీ నిజమే. కడకు ముగ్గురం ఒక మాటకొచ్చినాం: లేటైతే వరుసలో చివరికి పంపండి, వంతు దాటిపోతే ఒక రన్ తీసెయ్యండి, పాయింట్లు మాత్రం కొయ్యొద్దు. ఇదే నిర్వాహకులకు లెటర్ రాసి ఇచ్చినాం. జవాబు ఇంకా రాలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మా పొరపాటు ఇంకోటుంది. రూల్ బుక్ వారం ముందే చేతికొచ్చినా మైనస్‌ల పేజీ చదవలేదు. మీరు ముందు ఆ పేజీ చదవండి. దూరం నుంచి వస్తున్నామని ముందే రాయండి. అడగడానికి సిగ్గుపడొద్దు. వచ్చే పోటీకి ఎవరన్నా జమ్మలమడుగు వైపు నుంచి పోతుంటే చెప్పండి, ముందురోజే కలిసి పోదాం.