చీమకుర్తి రాయి మీద చీమ కనపడదు

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుంటే సుమారు 20 కిలోమీటర్లలో చీమకుర్తి. ఊరి బోర్డు కంటే ముందే రాళ్ళు కనిపిస్తాయి. ఎదురొచ్చే లారీ సగం ఖాళీగానే ఉంటుంది, మధ్యలో ఒకే ఒక్క నల్ల దిమ్మె. అయినా పాకుతున్నట్టే వస్తుంది. ఒక ఘనపు మీటరు రాయి దాదాపు 3 టన్నులు మరి!

మేం వెళ్ళింది వంటింటి గట్టు కోసం. పాతది కడప రాయి. పాతికేళ్ళుగా చింతపండు, నిమ్మకాయ, పుల్ల మజ్జిగ తాగి తాగి మెరుపు పోయి గరుకు తేలింది. అది సున్నపురాయి జాతి, పులుపు తగిలితే పైపొర కరిగిపోతుంది. పాలరాయిదీ అదే గొడవ. రీల్స్‌లో తెల్ల మార్బుల్ కిచెన్ చూసి మనసు పారేసుకునేవాళ్ళు ఒక్కసారి ఆవకాయ సీజన్ గుర్తు చేసుకోండి.

నాన్న ఓటు క్వార్ట్జ్‌కి. హైదరాబాద్‌లో బాబాయి ఫ్లాట్‌లో చూసొచ్చారు. నా ఓటు బ్లాక్ గెలాక్సీకి. అమ్మ మాత్రం "చూద్దాం పదండి" అంది. ఆమెకి కంటి ఆపరేషన్ అయ్యి ఆరు నెలలు. మా వంటింటికి ఉన్నది ఒకటే కిటికీ. రోజుకి ఐదారు గంటలు ఆ గట్టు దగ్గర నిలబడేది తనే.

గెలాక్సీని ఫోన్‌లో చూడటం వేరు, యార్డులో చూడటం వేరు. పాలిష్ పలక మీద నీళ్ళు చల్లితే ఎండాకాలం డాబా మీద వెల్లకిలా పడుకున్నట్టే ఉంది. ఆ చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. అసలు భూగర్భశాస్త్రం లెక్కలో ఇది గ్రానైటే కాదు, గాబ్రో. బజారుకి ఆ తేడా అక్కర్లేదు. నిమ్మరసానికి చలించదు, పొయ్యి మీంచి దించిన మూకుడు పెట్టినా తట్టుకుంటుంది. ఇంకేం కావాలి?

అమ్మ సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. ఇంటి నుంచే ఆవాలు తెచ్చిందట! పలక మీద చల్లింది. ఆవాలు మాయం. "బాగుందిరా. కానీ దీని మీద చీమ కూడా కనపడదు" అంది. ఊరి పేరు విన్నాక కూడా ఆ మాట అనగలగడం మా అమ్మకే చెల్లు. పైగా మా బోరు నీళ్ళకి నల్లరాయి మీద తెల్ల మరకలు ఖాయం.

ఇక క్వార్ట్జ్. మరకలు పట్టదు, రంగులు బోలెడు. కానీ అది రాతి పొడిని రెజిన్‌తో అతికించి చేసిన పలక. వేడి మూకుడు నేరుగా పెడితే మచ్చ పడొచ్చు. ఇంకో విషయం షోరూముల్లో చెప్పరు. అందులో సిలికా చాలా ఎక్కువ, మామూలుగా 90 శాతం పైనే. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆస్ట్రేలియా అయితే 2024 జూలై 1 నుంచి ఇలాంటి పలకల్ని నిషేధించేసింది.

సహజమైన రాయిలోనూ సిలికా ఉంటుంది, కొన్నింట్లో తక్కువ, కొన్నింట్లో ఎక్కువ. ఊళ్ళో ఓ కుర్రాడు మూతికి కర్చీఫ్ కట్టుకుని పొడి కట్టర్‌తో అంచులు కోస్తున్నాడు. కనురెప్పలు తెల్లగా ఉన్నాయి. నీళ్ళు పెట్టి కోయొచ్చు కదా అంటే, "ఇక్కడైతే కోస్తామన్నా. ఇళ్ళ దగ్గర బురదవుద్దని ఓనర్లు ఒప్పుకోరు" అన్నాడు. నిజమే. సింకు రంధ్రం, స్టవ్ కటింగ్ అన్నీ మన వంటింట్లోనే తలుపులేసి కోయిస్తాం. రాయి ఏదైనా సరే, కొలతలు ముందే తీసుకెళ్ళి యార్డులోనే నీళ్ళ కింద కోయించండి. ఈ విషయంలో మేస్త్రీ మాట కూడా వినక్కర్లేదు.

రేటు చదరపు అడుగుకి చెప్తారు. అందులో అంచుల మోల్డింగ్, సింకు కటింగ్ కలిశాయో లేదో అడగండి. నల్లరాయి మరీ చవగ్గా ఇస్తున్నారంటే, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో రుద్దండి. దూది నల్లబడితే అది రంగేసిన సరుకు. నచ్చిన రాయి శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చుకుని, పసుపూ నూనే రాసి ఓ రాత్రి వదిలేయండి. తెల్లారి కడిగితే తెలిసిపోతుంది.

మూడో యార్డులో, షెడ్డు వెనక ఆనించిన పలకల మధ్య అమ్మకి స్టీల్ గ్రే దొరికింది. బూడిద రంగు, మీద ముదురు మచ్చలు. గెలాక్సీ పక్కన పెడితే ఎవరూ ఫొటో తీయరు. మళ్ళీ ఆవాలు చల్లింది. నేను లెక్కపెట్టగలిగాను. నాన్న నోరెత్తలేదు.

కటింగ్‌కి అదనంగా గంటన్నర పట్టింది. పలకల్ని పడుకోబెట్టి తెస్తే గతుకులకి విరుగుతాయట, అందుకే ట్రాలీ ఆటోలో నిలబెట్టి తాళ్ళతో కట్టారు. ఒంగోలు దాకా అమ్మ ముందు సీట్లోంచి వెనక్కి చూస్తూనే ఉంది.