సరిహద్దులో ఆగిన పిస్టన్

ఖాట్మండులో మోటారుసైకిల్ ఖరీదైన వస్తువు. మన దేశంలో తయారైన బండే సరిహద్దు దాటి, కస్టమ్స్ సుంకం, ఎక్సైజు, 13 శాతం వ్యాట్ కట్టుకుని షోరూముకు చేరేసరికి ధర బాగా పెరిగిపోతుంది. అందుకే అక్కడ పాత బండికి గిరాకీ ఎక్కువ. 'రీకండిషన్ హౌస్' బోర్డులు వీధి వీధినా కనిపిస్తాయి. 2015 ఆగస్టులో అలాంటి ఒక దుకాణంలో ఏడేళ్లు వాడిన 150 సీసీ బండిని 85 వేల నేపాలీ రూపాయలకు కొన్నాను. మన రూపాయల్లో 53 వేలు. హైదరాబాద్‌లో అయితే ఇంకో పాతిక వేలు కలిపితే కొత్తదే వచ్చేది.

ఏప్రిల్ 25 నాటి భూకంపం దాదాపు తొమ్మిది వేల మందిని బలి తీసుకుని అప్పటికి నాలుగు నెలలు. రెండో రాజ్యాంగ సభ తుది ముసాయిదా మీద తలమునకలుగా ఉంది. ఎం.ఏ. రాజనీతి శాస్త్రం చదివి విలేకరి అయిన వాడికి, ఒక దేశం తన రాజ్యాంగాన్ని రాసుకుంటుంటే పక్కనే ఉండి చూడటాన్ని మించిన అవకాశం ఏముంటుంది? సభ నుంచి పార్టీ ఆఫీసులకు, అక్కడి నుంచి శిథిలాల మధ్య వేసిన గుడారాలకు ఆ బండి మీదే తిరిగాను. ఇంజన్ ఎక్కడా పేచీ పెట్టలేదు.

సెప్టెంబర్ 20న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఖాట్మండు దీపాలు వెలిగించింది. దక్షిణాన తరాయి మైదానాల్లో దీపాలు ఆర్పేశారు. ఏడు రాష్ట్రాల సరిహద్దులు తమ బలాన్ని ముక్కలు చేసేలా గీశారని, జనాభాకు తగిన నియోజకవర్గాలు ఇవ్వలేదని, పౌరసత్వ నిబంధనల్లో తమను అనుమానంగా చూశారని మధేసీల ఆరోపణ. ఆందోళనల్లో అప్పటికే పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నాలుగు రోజులు గడిచేలోగా రక్సౌల్ దగ్గర లారీలు, ట్యాంకర్లు నిలిచిపోయాయి. వీర్‌గంజ్ వైపు మైత్రీ వంతెన మీద ఆందోళనకారులు బైఠాయించారు. లారీ డ్రైవర్లు భయపడుతున్నారు, మేం దేన్నీ ఆపలేదని ఢిల్లీ చెప్పింది. ఇది ప్రకటించని దిగ్బంధమని ఖాట్మండు అంది. 1989లో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరినప్పుడు భారత్ రెండు మినహా సరిహద్దు దారులన్నీ మూసేసిన జ్ఞాపకం అక్కడి వారిలో ఇంకా పచ్చిగానే ఉంది. ఢిల్లీ మాటను నమ్మిన వాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు.

నేపాల్ అప్పట్లో వాడే పెట్రోలంతా ఇండియన్ ఆయిల్ నుంచే వచ్చేది. అది ఆగాక బంకుల ముందు బండ్ల బారులు కిలోమీటర్లు సాగాయి. జనం రాత్రులు రోడ్ల మీదే గడిపారు. చైనా వెయ్యి టన్నుల పెట్రోలు ఉచితంగా ఇచ్చినా అది ఏ మూలకూ చాలలేదు. నూటికి కాస్త పైన ఉన్న లీటరు ధర నల్లబజారులో నాలుగైదు వందలకు చేరింది. మినరల్ వాటర్ సీసాల్లో నింపి సందుల్లో అమ్మేవారు. అక్టోబర్ చివర్లో నా బండికీ అదే దిక్కయింది.

మూడో రోజు లోయ దాటించే నాగ్‌ఢుంగా ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ 'టకటక'మని కొట్టుకోవడం మొదలైంది. థ్రాటిల్ ఎంత తిప్పినా పికప్ లేదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, దాంతో పాటు చిన్నప్పటి వంటింటి స్టవ్వు వాసన. బండి వెనక్కి తిప్పి, ఇంజన్ ఆపి, దిగువలోని కలంకీ దాకా వాలు మీదే దొర్లించుకుంటూ వచ్చాను.

కలంకీలో నాకు దొరికిన మెకానిక్‌కు నలభై ఏళ్లుంటాయి. జనక్‌పూర్ దగ్గరి పల్లె. ఇంట్లో మైథిలి, నాతో హిందీ. 'భయ్యా' అని పిలిస్తే తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ ఆ మాట మర్యాద కాదు సార్. మా తరాయి వాళ్లను వెక్కిరించడానికి వాడతారు. దాయి అనండి." నేపాలీలో దాయి అంటే అన్న. అప్పటి నుంచి ఆయన నాకు దాయి.

దాయి ట్యాంకు నుంచి రెండు చుక్కలు తీసి తెల్ల కాగితం మీద వేశాడు. అసలైన పెట్రోలు అయితే క్షణాల్లో ఆవిరైపోయి మరక మిగలదు. ఇక్కడ జిడ్డు మరక మిగిలింది. "ఇందులో సగం కిరసనాయిలే," అన్నాడు. కిరసనాయిలు ఆక్టేన్ సంఖ్య పెట్రోలు కంటే చాలా తక్కువ. ప్లగ్ వెలిగించిన మంట సిలిండరంతా పాకే లోపే మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను అంటుకుంటుంది. ఆ దెబ్బే టకటక శబ్దం. పైగా అది సులువుగా ఆవిరి కాదు. మండకుండా మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఆ తర్వాత ఇనుము ఇనుమును అరగదీస్తుంది. హెడ్ దింపి చూపించాడు. పిస్టన్ మీద నిలువు గీతలు, రింగులు మసి పట్టి బిగుసుకుపోయాయి. సిలిండర్‌కు బోర్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాల్సిందే. పిస్టనేమో ఇండియా నుంచి రావాలి.

ఎం.ఏ. పరీక్షలో 'భూపరివేష్టిత దేశాల సమస్యలు' మీద జవాబు రాశాను. అందులో రవాణా హక్కులు, అంతర్జాతీయ ఒప్పందాలు, కలకత్తా రేవు ఉన్నాయి. అరచేతిలో ఇమిడే పిస్టన్ కోసం ఒక దుకాణం నెల రోజులు ఖాళీగా కూర్చోవడం లేదు.

ఆ నెలలో రోజూ సాయంత్రం దాయి దుకాణానికి వెళ్లేవాణ్ని. గ్యాస్ లేక టీ కొట్టులో కట్టెల పొయ్యి వచ్చింది. ఒకరోజు ఒక ఖాతాదారు ఆయన్ను నిలదీశాడు: "మీ వాళ్లేగా దారి మూసింది? మీ ఇండియాకే పోరాదూ?" ఆ తర్వాత నేను ఇండియన్నని తెలిసి మర్యాదగా కుర్చీ జరిపాడు. పరాయి దేశం వాణ్ని అతిథిని. ఆ దేశంలోనే పుట్టినవాడు పరాయివాడు. దాయి ఏమీ అనలేదు. స్పానర్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఖాతాదారు వెళ్లాక డ్రాయరులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న పౌరసత్వ పత్రం తీశాడు. 2007లో ఇచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన చట్టం కింద, నేపాల్‌లో పుట్టి పెరిగిన లక్షల మందికి 'జన్మతః' పౌరసత్వం దక్కింది. వారిలో మధేసీలే ఎక్కువ. దాయి భార్యదీ అదే పత్రం. "నా కొడుక్కి పద్నాలుగు. పదహారు రాగానే ఈ కాగితం అడగాలి. మాకు ఇచ్చారు కానీ మా పిల్లలకు ఎలా ఇవ్వాలో చట్టం లేదంటారు." కొత్త రాజ్యాంగంలో అలాంటి పిల్లల గురించి వాక్యం ఉంది. దాన్ని అమలు చేసే చట్టమే లేదు. ఆ కాగితం లేకపోతే పాస్‌పోర్టు లేదు, డ్రైవింగ్ లైసెన్సు లేదు. కొడుకు అప్పటికే బళ్లకు బ్రేకులు బిగించేంత పనివాడు.

"మరి దారి తెరవాలా, వద్దా దాయీ?" అని అడిగాను.

"తెరవకపోతే నా దుకాణం మూతపడుతుంది. ఏమీ తేలకుండా తెరిస్తే వాడి గతేమిటి?" అన్నాడు.

ఆ చలికాలంలో నేను మాట్లాడిన మంత్రులు, రాయబారులు, ఆందోళన నేతలు ఎవరూ సమస్యను ఇంత సూటిగా చెప్పలేదు. దారి మూసిన వాళ్ల డిమాండు ఆయనకు కావాలి. దారి మూయడం వల్ల నష్టపోయేదీ ఆయనే.

పిస్టన్ చివరికి డిసెంబర్‌లో వచ్చింది. దాయి బావమరిది సైకిల్ మీద జయనగర్ వెళ్లి కొన్నాడు. కూరగాయల సంచిలో పెట్టుకుని సరిహద్దు దాటాడు. పోలీసు కాపలాతో రాత్రిళ్లు నడిచే బస్సులో ఖాట్మండు పంపాడు. కరెంటు కోత వల్ల లేత్ మిషన్ ముందు మరో రెండు రోజులు కాపలా. ఇంజన్ బిగించి స్టార్ట్ చేశాక దాయి చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నాడు. "మొదటి అయిదు వందల కిలోమీటర్లు నలభై దాటొద్దు. కొత్త రింగులు పాత సిలిండర్‌తో సర్దుకోవాలి," అన్నాడు.

2016 జనవరిలో రాజ్యాంగానికి తొలి సవరణ జరిగింది. నియోజకవర్గాలకు జనాభాను ప్రధాన ప్రాతిపదిక చేశారు. ఫిబ్రవరిలో మైత్రీ వంతెన మీద లారీలు కదిలాయి. రాష్ట్రాల సరిహద్దులు మాత్రం మారలేదు. తర్వాత ఏడాది నేను తిరిగి వచ్చేటప్పుడు బండిని దాయికే ఇచ్చేశాను.

2019 సెప్టెంబర్‌లో బీహార్‌లోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను మొదలైంది. దక్షిణాసియాలో సరిహద్దు దాటిన తొలి పెట్రోలియం పైపులైను అది. వంతెన మీద కూర్చుని దాన్ని ఆపలేరు. అయితే దాని మీట ఇప్పటికీ మన వైపే ఉంది. నేపాల్ అంతటితో ఆగలేదు. సొంత నదుల మీద కరెంటు పెంచుకుంది. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడికి కొత్తగా వచ్చే కార్లలో సగానికి పైగా విద్యుత్ కార్లే. 2015 చలికాలం నేర్పిన భయానికి ఇందులో వాటా ఉంది.

పెట్రోలు సమస్యకు రెండు ప్రభుత్వాలూ నాలుగేళ్లలో పైపు వేయగలిగాయి. దాయి కొడుకు కాగితానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. పౌరసత్వ చట్ట సవరణకు 2023 మే 31న అధ్యక్షుడి ఆమోదం లభించింది. ఆ ఏడాది దసరాకు దాయి ఫోన్ చేశాడు. కుర్రాడికి ఇరవై రెండేళ్లకు పౌరసత్వ పత్రం వచ్చిందని, లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడని చెప్పాడు. పరీక్షకు నా పాత బండి మీదే సాధన చేస్తున్నాడట.