యాత్రా పట్టికలో లేని భోజన వేళ

విహారయాత్రకు బయలుదేరే ముందు మనమందరం ఒక పట్టిక వేసుకుంటాం. ఏమేం చూడాలో, ఏ క్రమంలో చూడాలో అందులో వివరంగా ఉంటుంది. భోజనం విషయానికి వచ్చేసరికి మాత్రం "దారిలో ఎక్కడో ఒకచోట" అని సరిపెడతాం. ఆరోగ్యవంతులకు దానివల్ల కలిగే నష్టం కాస్త ఆకలి మాత్రమే. మీరు మధుమేహానికి మందులు వాడుతున్నవారైతే, లేదా మీ వెంట అటువంటి పెద్దవారు వస్తున్నట్లయితే, ఆ నిర్లక్ష్యం ప్రాణాల మీదికి తేగలదు. ఈ మాట నేను ఎన్నో ఏళ్లపాటు రోగులకు చెప్పాను. అనుభవంలోకి వచ్చింది మాత్రం పదవీ విరమణ తరువాత, నా సొంత కారులోనే.

కొన్నేళ్ల క్రితం మా బావమరిది కుటుంబం హైదరాబాదు నుండి వచ్చింది. నేలకొండపల్లి చూపించి, అదే రోజు భద్రాచలం తీసుకువెళ్లాలని పట్టిక నేనే తయారుచేశాను. బౌద్ధ మహాస్తూపం, విరాటరాజు కథ చెప్పుకునే దిబ్బ, భక్త రామదాసు ధ్యానమందిరం, ఖమ్మం ఖిల్లా, ఆపైన కొత్తగూడెం, పాల్వంచల మీదుగా రామాలయం. రామదాసుగా మనమెరిగిన కంచర్ల గోపన్న మా ఊరిలోనే పుట్టాడు. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి భద్రాద్రి ఆలయం కట్టించాడు. ఆయన పుట్టిన ఊరి నుండి ఆయన కట్టించిన గుడి దాకా ఒకే రోజులో వెళ్లాలన్నది నా ఉత్సాహం. దర్శనం అయ్యాకే భోజనమని కూడా నేనే ప్రకటించాను.

ఉదయం ఏడింటికి గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, తొందరలో రెండు ఇడ్లీలు మాత్రం తిన్నాను. స్తూపం చుట్టూ నడిచాం. ఖిల్లా మెట్లు ఎక్కి దిగేసరికి పదకొండు దాటింది. ఖమ్మం నుండి భద్రాచలం సుమారు 120 కి.మీ. కారు నేనే నడుపుతున్నాను. కొత్తగూడెం దాటాక, ఏదో అడిగిన బావమరిది మీద అకారణంగా విసుక్కున్నాను. చొక్కా చెమటతో తడిసింది. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో అంచనాకు అందలేదు. ఇవన్నీ నాకు తెలిసిన లక్షణాలే. అయినా ఆ సమయంలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

గుర్తుపట్టింది నా భార్య. "ఏమండీ, కారు పక్కకు ఆపండి. మీకు షుగరు పడిపోయింది" అన్నది. "నాకేమీ కాలేదు" అని వాదించాను. "ఊరికే కోపం వస్తే ముందు షుగరు చూడమని అందరికీ చెప్పింది మీరే కదా" అన్నది. కారు ఆపాను. గ్లూకోమీటర్ డిక్కీలోని పెట్టెలో, బట్టల అడుగున ఉంది. తీసి చూస్తే 52. పక్కనే ఉన్న టీ కొట్టులో చక్కెర అడిగి నీళ్లలో కలిపి తాగించారు. కారులో ఆరుగురం ఉన్నాం. ఆనాటి సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు స్థిమితంగా ఉండదు.

జరిగినదేమిటో తెలుసుకోండి. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. దానికి నడక, మెట్లు తోడైతే రక్తంలో చక్కెర మరింత త్వరగా ఖర్చవుతుంది. అది 70 కంటే తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, చిరాకు, తికమక మొదలవుతాయి. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇది అరుదు.

అటువంటప్పుడు మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. లడ్డూ ప్రసాదం చేతిలో ఉన్నా దానితో మొదలుపెట్టకండి. అందులోని నెయ్యి చక్కెరను త్వరగా రక్తంలోకి చేరనివ్వదు. పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మరోసారి ఇవ్వాలి. ఆపైన భోజనం తప్పనిసరి, ఎందుకంటే మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కు ఫోన్ చేయండి.

ఆ తరువాత నా పట్టిక తయారయ్యే పద్ధతి మారింది. ముందు భోజన వేళలు రాసుకుంటాను, వాటి మధ్యలో చూడవలసినవి అమర్చుకుంటాను. కడుపునిండా టిఫిను, చల్లని పూట స్తూపం, పన్నెండున్నరకు ఖమ్మంలో భోజనం. ఖిల్లా మరొక రోజుకు. సాయంత్రానికి భద్రాచలం చేరి, రాత్రి అక్కడే బస చేసి, తెల్లవారి దర్శనం. గ్లూకోమీటరూ గ్లూకోజు పొడీ నా భుజానికి తగిలించుకున్న సంచిలోనే ఉంటాయి. పాదాల స్పర్శ తగ్గినవారు ఎండపూట గుడి బండల మీద వట్టి కాళ్లతో నడవకండి. కాలిన సంగతి బొబ్బ లేచేదాకా తెలియదు.

దూరం పెరిగినకొద్దీ ఈ జాగ్రత్త అవసరం మరింత పెరుగుతుంది. ఈమధ్య మా ఊరి దంపతులు కూతురిని చూడటానికి స్పెయిన్‌లోని బార్సిలోనాకు వెళుతూ తమ పట్టిక తెచ్చి చూపించారు. అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిదింటికి. ఈ రెంటి మధ్య చాలా హోటళ్లలో వంట ఉండదు. సగ్రడా ఫమీలియా చర్చికి ముందుగానే వేళ నిర్ణయించుకుని టిక్కెట్టు కొనాలి. వారు ఒంటిగంటన్నరకు అనుకున్నారు, నేను పదింటికి మార్పించాను. పార్క్ గ్వెల్ గుట్ట మీద ఉంటుంది కనుక దానిని మరొక రోజు ఉదయం టిఫిను తరువాత పెట్టించాను. రాత్రి భోజనం ఏడున్నరకు కూతురి ఇంట్లోనే. ఇన్సులిన్‌ను విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోమన్నాను, సామాన్ల గదిలో అది గడ్డకట్టి పాడైపోవచ్చు. అక్కడి గడియారం మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. అందువల్ల మందుల వేళలు ఎలా మార్చుకోవాలో వారికి వైద్యం చేస్తున్న డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోమన్నాను.

మీరు కూడా ఈసారి పట్టిక వేసుకునేటప్పుడు కాగితం మీద మొదటి గీత భోజనానికి గీయండి. వెంట వచ్చేవారిలో ఒక్కరికైనా పైన చెప్పిన లక్షణాలు వివరించి ఉంచండి. షుగరు పడిపోయినప్పుడు ఆ సంగతి రోగికంటే పక్కనున్నవారికే ముందు తెలుస్తుంది.