హైదరాబాదు నుండి జిద్దాకు

రెండు నగరాల నడుమ దూరం మారదు. దానిని దాటే కాలమే మారుతుంది. హైదరాబాదు నుండి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. విమానానికి దాదాపు 6 గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకన్న రెండున్నర గంటలు వెనుక. కనుక ఉదయం 10 గంటలకు బయలుదేరిన యాత్రికుడు అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం 1.30కే దిగుతాడు.

మా తాతగారు బొంబాయి రేవు నుండి ఓడ మీద హజ్‌కు వెళ్ళారు. ఆ ఓడలు 1995తో నిలిచిపోయాయి. సముద్రం మీద గడిచే ఆ దినాలలో తెలియనివారు తెలిసినవారి వద్ద హజ్ విధులు నేర్చుకునేవారట. మీఖాత్ అయిన యలమ్లమ్ సమీపించినప్పుడు ఇహ్రామ్ ధరించేవారు. నేడు మీఖాత్ హద్దును విమానం క్షణాలలో దాటిపోతుంది. అందుకే పలువురు హైదరాబాదులోనే ఇహ్రామ్ ధరించి విమానమెక్కుతున్నారు.

వృద్ధులకు, రోగులకు విమానం చేసిన మేలు అపారం. కాని ఓడ ఇచ్చిన గడువును అది ఇవ్వజాలదు. అప్పులు తీర్చడం, నొప్పించిన వారిని క్షమాపణ కోరడం, విధులు నేర్వడం 6 గంటలలో ముగిసే పనులు కావు. ఆ గడువును మనమే ఇంటివద్ద ముందుగా సమకూర్చుకోవాలి.

విద్యార్థులారా! పరీక్షామందిరానికి చేరడానికి అరగంట చాలు; పరీక్షకు సిద్ధపడడానికి సంవత్సరం కావాలి.