ఫ్రిస్కో నీళ్లు వేరురా

గుంటూరు,
మార్చి 2

ఒరేయ్ రాఘవా,

పాప కోసం చేపల తొట్టి కొన్నావట, సంతోషం. ఇక్కడ గుంటూరు బ్రాడీపేటలో చేసినట్టే కుళాయి నీళ్లు ఓ రోజు బకెట్లో ఉంచి పోస్తే చాలా అని అడిగావు. చాలదు. ఇంకా చేపల్ని తేకపోతే తేకు.

మనకి తక్కెళ్లపాడు నుంచి వచ్చే కృష్ణ నీళ్లలో ఉండేది ఉత్త క్లోరిన్. మూత తీసి ఓ రోజు ఉంచితే గాల్లో పోతుంది. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు ఉండనే ఉన్నాయి. వాటిలో ఉండేది పాత ఫొటో స్టూడియోల హైపోనే.

మీ ఫ్రిస్కోకి నీళ్లిచ్చే ఉత్తర టెక్సాస్ సంస్థ క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి క్లోరమైన్ చేస్తుంది. దూరాభారం పైపుల్లో అది నిలబడుతుంది, బకెట్లోనూ అలాగే రోజుల తరబడి నిలబడుతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల దాకా అక్కడ అనుమతి. మనం తాగితే అరిగిపోతుంది. చేపకి మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి దిగి, ఆ రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. పక్కన గాలి పంపు బుడబుడమంటున్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది.

ఉత్త హైపో వేస్తే క్లోరిన్ విరుగుతుంది, అమ్మోనియా మిగిలిపోతుంది. అందుకే సీసా మీద క్లోరమైన్, అమ్మోనియా రెండు పేర్లూ ఉన్న మందే కొను. తొట్టి మొత్తానికి కాదు, మార్చే నీళ్లకి లెక్కేసి బకెట్లోనే కలుపు. అమ్మోనియాని తినే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆ స్పాంజ్‌ని కుళాయి కింద కడిగావో, అంతా మొదటికొస్తుంది.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఏటా మార్చి ప్రాంతంలో పైపులు శుభ్రపడాలని మీవాళ్లు ఓ నెలపాటు అమ్మోనియా ఆపి ఉత్త క్లోరినే వదులుతారు. ఆ నెలలో మన బకెట్ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అది నమ్మి ఏప్రిల్‌లోనూ అదే చేస్తే కొంప మునిగినట్టే.

మాకు ఇక్కడ భయం మరొకటి. పత్తికీ మిర్చికీ కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులు చేపలకి పరమ విషం. ఆ పురుగుమందు కలిపిన బకెట్‌ని ఎంత తోమినా తొట్టి ఛాయలకి రానివ్వను. నువ్వూ సబ్బు తగలని బకెట్ ఒకటి విడిగా పెట్టుకో.

పాప ఏ చేపలు అడుగుతోందో రాయి. గోల్డ్ ఫిష్ అంటే మాత్రం నీ పది గ్యాలన్ల తొట్టి చాలదు. గప్పీలైతే హాయి.

నీ
శీను